ఉప్పుగాలికి నిలిచే బోర్డు ఏది?

రొయ్యల చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున అడుగంటుతుంది. పగలంతా నీటిలోని ప్లవకాలు ఎండను వాడుకుని ఆక్సిజన్ వదులుతాయి. పొద్దుగూకాక అవి కూడా రొయ్యలతో పాటు అదే ఆక్సిజన్ పీల్చుకుంటాయి. అందుకే కృష్ణా డెల్టా కొసన నాగాయలంక, కోడూరు, బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు చెరువులు చేసే రైతుకు తెల్లవారుజాము మూడు నుంచి పొద్దుపొడిచే దాకా గుండె గుప్పిట్లోనే ఉంటుంది. లీటరు నీటిలో కరిగిన ఆక్సిజన్ నాలుగు మిల్లీగ్రాముల కిందికి దిగిందంటే రొయ్య మేత మానేయడం మొదలెడుతుంది. మూడు దాటి ఇంకా దిగితే, నీటికి గాలి కొట్టే ఏరియేటర్లు సకాలంలో తిరగకపోతే, తెల్లారేసరికి పంట చేజారుతుంది.

ఆ గట్టు మీద జరగాల్సినవి మూడు పనులు. నీటిని చదవాలి. చదివిన అంకెను బట్టి ఏం చేయాలో తేల్చాలి. తేల్చాక ఏరియేటరు తిప్పాలి, లేదంటే నిద్రపోతున్న రైతు ఫోను మోగించాలి. కీబోర్డూ తెరా దాటుకుని కంప్యూటరు ఇలా నేరుగా నీళ్లతో, గాలితో, మోటారుతో వ్యవహరించడాన్నే ఫిజికల్ కంప్యూటింగ్ అంటున్నారు. దానికోసం ఆర్డ్యునో, మైక్రోబిట్, ఈఎస్‌పీ32, రాస్ప్‌బెర్రీ పై అంటూ రకరకాల బోర్డులూ కిట్లూ బజార్లో ఉన్నాయి. వీటిలో ఏది మేలని అడిగితే చాలామంది వేగం, మెమరీ, ధర పక్కపక్కన పెట్టి చూపిస్తారు. మొదటి అరగంటలో అన్ని బోర్డులూ బుద్ధిమంతులే, అన్నిటి మీదా చిన్న బల్బు చక్కగా వెలిగి ఆరుతుంది. అసలు పరీక్ష ఆరో నెలలో వస్తుంది. దివిసీమ ఉప్పుగాలికి, కరెంటు కోతలకు, మోటారు కుదుపులకు అది ఆగిపోయిన రోజున, లోపం ఎక్కడుందో ఊళ్లోనే కనిపెట్టి బాగుచేసుకోగలమా? నా దృష్టిలో కిట్లను పోల్చాల్సింది ఈ ప్రశ్నతో.

పరికరాలు తయారుచేసుకోవడం ఈ నేలకు కొత్త కాదు. 1926లోనే బందరులో (మచిలీపట్నంలో) ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పుట్టింది. స్వాతంత్ర్యం రాకముందే సైన్సు పరికరాలు ఈ ఊళ్లో తయారయ్యాయి. 1983లో ఆ కంపెనీని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. ఇవాళ ఆ సంస్థ బందరు యూనిట్ సైన్యానికి చీకట్లో చూడగలిగే పరికరాలు తయారుచేస్తోంది. ఇక సన్నటి తీగను చూపు చెదరకుండా అతికే నేర్పు కావాలంటే చిలకలపూడి రోల్డ్‌గోల్డు పనివాళ్లను చూడాలి. తరాలుగా ఇంటింటా ఉన్న చేతిపని అది. టంకం పెట్టడం నేర్పేవాళ్లకోసం మనం దూరం పోనక్కర్లేదు.

ఆర్డ్యునో కథ ఇటలీలోని ఇవ్రేయా అనే చిన్న ఊళ్లో మొదలైంది. టైపురైటర్ల కంపెనీ ఒలివెట్టి పుట్టిన ఊరది. అక్కడి డిజైన్ విద్యాసంస్థలో ఇంజినీరింగ్ చదవని విద్యార్థులు తమ నమూనాలకు ప్రాణం పోయడానికి బేసిక్ స్టాంప్ అనే ఖరీదైన బోర్డు వాడేవారు. ఎర్నాండో బర్రగాన్ అనే కొలంబియా విద్యార్థి 2003లో తన పీజీ పనిగా వైరింగ్ అనే తేలికైన పద్ధతిని తయారుచేశాడు. ఆ బాటలోనే 2005లో మాసిమో బాంజీ, డేవిడ్ క్వార్టియెలెస్ తదితరులు ఆర్డ్యునో తెచ్చారు. బర్రగాన్‌కు రావలసినంత పేరు రాలేదనే నేనంటాను. ఆర్డ్యునో వాళ్లు చేసిన గొప్ప పని వేరే ఉంది. బోర్డు నక్షాను అందరికీ ఇచ్చేశారు. ఎవరైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఇవాళ విజయవాడలోనో హైదరాబాదు కోఠీలోనో కొన్ని వందల రూపాయలకే ఊనో అనే ఆర్డ్యునో బోర్డు దొరుకుతోందంటే కారణం అదే.

ఊనోలో ఉన్నది ఏటీమెగా328పీ అనే ఎనిమిది బిట్ల చిప్పు. వేగం 16 మెగాహెర్ట్జ్. ప్రోగ్రాముకు 32 కిలోబైట్లు, పని చేసుకోవడానికి 2 కిలోబైట్లు. ఫోనుల కాలంలో ఈ అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి. కానీ చెరువు నీరు సెకనుకు వెయ్యిసార్లు మారదు, పది నిమిషాలకోసారి చదివితే చాలు. పాత ఊనోలో ఆ చిప్పు సాకెట్లో కూర్చుని ఉంటుంది. కాలిపోతే స్క్రూడ్రైవరుతో పైకి లేపి కొత్తది నొక్కేయొచ్చు. నేను ఊనో వైపు మొగ్గడానికి సగం కారణం ఈ ఒక్క సాకెట్టే.

కిట్టు స్వభావం తెలియాలంటే చేతికి అందే పని ఒకటి పెట్టి చూడాలి. డెల్టా శివారు భూముల్లో అందరినీ పీడించేది ఉప్పు కనుక కాలవ నీటి ఉప్పదనం కొలిచే పని తీసుకుందాం. రెండు స్టీలు మేకులు, ఒక రెసిస్టరు, ఊనో ఉంటే చాలు. ఐదు వోల్టుల నుంచి రెసిస్టరు, దాని రెండో కొస నుంచి ఒక మేకు, నీళ్లలో దానికి రెండు సెంటీమీటర్ల ఎడంగా రెండో మేకు, అక్కడి నుంచి గ్రౌండు. రెసిస్టరూ మేకూ కలిసిన చోట అనలాగ్ పిన్ను తగిలించాలి. ఊనో ఆ వోల్టేజిని సున్నా నుంచి 1023 దాకా ఒక అంకెగా చెబుతుంది. నీటిలో ఉప్పు పెరిగితే కరెంటు తేలిగ్గా పారుతుంది, అంకె పడిపోతుంది. పంపు నీళ్లలో చూపిన అంకె గుప్పెడు ఉప్పు వేయగానే జారిపోవడం పిల్లలు కళ్లారా చూస్తారు.

ఆ తర్వాతే అసలు పాఠం. మేకుల్ని అలాగే వదిలేస్తే గంటలోనే ఒక మేకు చుట్టూ సన్నటి బుడగలు లేస్తాయి, రెండోది తినేసినట్టు నల్లబడుతుంది. ఉప్పదనం మారకపోయినా అంకె జరుగుతూ పోతుంది. కరెంటు ఎప్పుడూ ఒకే దిక్కున పారడంతో నీరు విద్యుద్విశ్లేషణకు గురవుతోందన్న మాట. దీనికి మందు కూడా బోర్డులోనే ఉంది. మేకులకు నిత్యం ఐదు వోల్టులు ఇవ్వకుండా రెండు డిజిటల్ పిన్నుల నుంచి ఇవ్వాలి. కొన్ని మిల్లీసెకన్లు ఒక దిక్కుకు, చదవగానే అంతే సేపు ఎదురు దిక్కుకు, ఆపైన పూర్తిగా ఆపేయాలి. మార్చాల్సింది ప్రోగ్రాములో పదీ పదిహేను వరుసలు. పెద్ద కంపెనీల ఉప్పు మీటర్లు కరెంటును అటూ ఇటూ తిప్పేది కూడా ఇందుకే.

ఇంకో చిక్కు ఎండతో వస్తుంది. నీరు ఒక్క డిగ్రీ వేడెక్కితే దాని విద్యుత్ వాహకత సుమారు 2 శాతం పెరుగుతుంది. ఉదయానికీ మధ్యాహ్నానికీ ఎనిమిది డిగ్రీల తేడా ఉంటే, ఉప్పు కణమైనా పెరగకుండానే మీటరు 16 శాతం ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి మేకుల పక్కనే ఉష్ణోగ్రత సెన్సరు తప్పనిసరి. డీఎస్18బీ20 అనే చిన్న చిప్పు నీరు చొరని స్టీలు గొట్టంలో వస్తుంది. అర డిగ్రీ అటూ ఇటుగా నిజం చెబుతుంది. రెసిస్టరు ఎంపిక కూడా చూసుకోవాలి. సముద్రపు నీటి వాహకత మంచి కాలవ నీటికి వంద రెట్ల దాకా ఉంటుంది. కాలవకు సరిపోయిన రెసిస్టరు పెట్టి హంసలదీవి దగ్గర సాగరసంగమంలో ముంచితే అంకె అడుగున అతుక్కుపోతుంది. వరి పొలంలో మట్టి తేమ వాహకత మీటరుకు 3 డెసిసీమెన్స్ దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుందని వ్యవసాయ శాస్త్రం చెబుతుంది. వెనామీ రొయ్య మాత్రం దాదాపు మంచినీటి నుంచి సముద్రపు ఉప్పు దాకా దేన్నైనా ఓర్చుకుంటుంది. వరి రైతుకూ రొయ్యల రైతుకూ మీటరు ఒకటే, వేయాల్సిన రెసిస్టర్లు వేరు.

ఇదే పనికి మిగతా కిట్లను పెట్టి చూద్దాం. ఎంఐటీ మీడియా ల్యాబ్ విద్యార్థులు జే సిల్వర్, ఎరిక్ రోజెన్‌బామ్ 2012లో తెచ్చిన మేకీమేకీని కంప్యూటరు ఒక కీబోర్డు అనుకుంటుంది. అరటిపండుకు తీగ తగిలించి పియానో వాయించవచ్చు. చిన్న పిల్లలకు అంత ఆనందమిచ్చే బోర్డు మరొకటి నాకు తెలియదు. కానీ అది చెప్పేది తగిలిందా లేదా అని మాత్రమే. ఎంతో కొద్ది కరెంటుకే అవునంటుంది కాబట్టి దానికి తాగే నీరూ సముద్రపు నీరూ ఒక్కటే. ఉప్పు ఎంతో దాన్ని అడగలేం.

మైక్రోబిట్ ఒక మెట్టు పైది. 2016లో బీబీసీ బ్రిటన్‌లో పదకొండు పన్నెండేళ్ల పిల్లలకు సుమారు పది లక్షల బోర్డులు ఉచితంగా పంచింది. అడ్డం ఐదు, నిలువు ఐదుగా చిన్న దీపాలు, రెండు మీటలు, కదలిక పసిగట్టే సెన్సరు, దిక్సూచి అన్నీ బోర్డు మీదే ఉంటాయి. అంచున మొసలి క్లిప్పులు పట్టే పెద్ద రంధ్రాలున్నాయి. ప్రోగ్రాం రాయడమంటే తెర మీద రంగుల దిమ్మెలు పేర్చడమే. రెండు మైక్రోబిట్లు ఇంటర్నెట్ లేకుండానే రేడియోలో మాట్లాడుకుంటాయి. మేకుల ఉప్పు మీటరు దీనిమీదా నడుస్తుంది, అంకె కూడా సున్నా నుంచి 1023 దాకానే. ధర మాత్రం నకలు ఊనోకు నాలుగైదు రెట్లు. పైగా చిప్పు పోతే బోర్డే పోతుంది. ఎనిమిదో తరగతికి మైక్రోబిట్, పదో తరగతికి ఊనో అంటాను నేను.

అయస్కాంతాలతో అతుక్కునే లిటిల్‌బిట్స్, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2011లో తెచ్చిన గ్యాజెటీర్, లెగో వాళ్ల మైండ్‌స్టార్మ్స్, వీటి తీరు వేరు. తీగ పొరపాటున తప్పుగా తగిలే వీలే ఉండదు, పని చకచకా అయిపోతుంది. కాకపోతే ఆ ముక్కకు ఆ కంపెనీ ముక్కే అతకాలి. గ్యాజెటీర్ కొన్నేళ్లకే కనుమరుగైంది. లిటిల్‌బిట్స్ 2019లో చేతులు మారింది. 1998 నుంచి పిల్లలకు రోబోలు నేర్పిన మైండ్‌స్టార్మ్స్ అమ్మకాన్ని లెగో 2022 చివర్లో ఆపేసింది. పెట్టె నిండా మంచి ముక్కలున్నా విరిగిన ఒక్క ముక్క దొరక్క బడి బీరువాలో మూలబడటం వీటికి రాసిపెట్టిన కష్టం.

షాంఘై కంపెనీ ఎస్ప్రెసిఫ్ 2016లో తెచ్చిన ఈఎస్‌పీ32 ఇంచుమించు ఊనో నకలు ధరకే వైఫై, బ్లూటూత్ కలిపి ఇస్తుంది. వేగం 240 మెగాహెర్ట్జ్. గాఢనిద్రలోకి పంపితే చిప్పు తినే కరెంటు కొద్ది మైక్రోఆంపియర్లే. ఫోనుకు కబురు పంపాలంటే తిరుగులేదు. దానికీ రెండు బలహీనతలున్నాయి, పెట్టె మీద రాయరు. అనలాగ్ అంకె తిన్నని గీతలా పెరగదు, రెండు కొసల్లోనూ వంకర తిరుగుతుంది. వైఫై వాడుతుంటే అనలాగ్ పిన్నుల్లో ఒక గుంపు చదవడమే మానేస్తుంది. పైగా ఇది 3.3 వోల్టుల బోర్డు. ఐదు వోల్టుల సెన్సరు తీగ నేరుగా తగిలిస్తే పిన్ను చచ్చిపోవచ్చు. రెండు రెసిస్టర్లతో వోల్టేజి తగ్గించి ఇవ్వాలి. ఊనో ఇలాంటి పొరపాట్లను చాలావరకు ఓర్చుకుంటుంది, ఈఎస్‌పీ32 ఓర్చుకోదు.

ఇక ఆక్సిజన్. ఇక్కడ బోర్డుల పోలిక వెనక్కి వెళ్లిపోతుంది, ప్రోబు ముందుకొస్తుంది. గాల్వానిక్ రకం ప్రోబు కొసన పల్చటి పొర ఉంటుంది. దాని గుండా ఆక్సిజన్ లోపలికి చేరి రెండు లోహాల మధ్య రసాయన చర్యతో కాస్త వోల్టేజి పుట్టిస్తుంది. కాస్త అంటే కొన్ని పదుల మిల్లీవోల్టులు. ఊనో ఐదు వోల్టులను 1024 మెట్లుగా విడగొడుతుంది కదా, ఒక్కో మెట్టు దాదాపు 4.9 మిల్లీవోల్టులు. ప్రోబు ఇచ్చే 40 మిల్లీవోల్టులకు దక్కేవి ఎనిమిది మెట్లు! సున్నా నుంచి ఎనిమిది మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ అంతా ఆ ఎనిమిది మెట్లలోనే ఇమడాలి. అంటే నాలుగుకూ మూడుకూ మధ్య ఒక్కటే మెట్టు. రైతుకు జీవన్మరణ సమస్య అయిన తేడాను బోర్డు కొంచెం విద్యుత్ రొదలోనే పోగొట్టేస్తుంది. ఏడీఎస్1115 అనే చిన్న చిప్పును మధ్యలో పెడితే పని మారిపోతుంది. అది పదహారు బిట్లతో, మిల్లీవోల్టులో నూరో వంతు కన్నా సన్నగా చదివి, రెండు తీగల మీద అంకెను బోర్డుకు అందిస్తుంది. అప్పుడు ఊనో అయినా ఈఎస్‌పీ32 అయినా ఒకటే. ప్రోబు ధర బోర్డు ధరకు ఎన్నో రెట్లుంటుంది. బోర్డులో రెండొందలు మిగుల్చుకుని నాసి ప్రోబు కొన్నవాడికి చివరికి మిగిలేది తప్పుడు అంకె.

చదివాక మోటారు తిప్పాలి. పిల్లల కిట్లలో వచ్చే నీలం రంగు రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. దాన్ని చూసి త్రీఫేజ్ ఏరియేటరు తీగలు అందులో బిగించడం ప్రాణాలతో చెలగాటం. రిలే తిప్పాల్సింది కాంటాక్టరు అనే పెద్ద స్విచ్చి కాయిల్‌ను, మోటారును తిప్పాల్సింది ఆ కాంటాక్టరు. ఆ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. అంతా సవ్యంగా కట్టినా కాంటాక్టరు తెరుచుకున్న ప్రతిసారీ కాయిల్ నుంచి వోల్టేజి ఎగిసి బోర్డును బిత్తరపోయేలా చేస్తుంది. కాయిల్‌కు ఆ ఎగిసే వోల్టేజిని మింగే స్నబ్బర్, బోర్డుకు వేరే పవర్ సప్లై, ప్రోగ్రాములో వాచ్‌డాగ్ టైమర్ ఉండాలి. ఆ టైమర్ ప్రోగ్రాం ఎక్కడైనా ఇరుక్కుపోతే కొద్ది సెకన్లలో బోర్డును మళ్లీ మొదలెడుతుంది. ఇంకొకటి, సెన్సరు తీగ తెగితే ఏరియేటరు ఆగిపోయేలా కాకుండా తిరిగేలా రాయాలి. అనవసరంగా తిరిగితే కరెంటు బిల్లు పెరుగుతుంది, తిరగకపోతే చెరువు పోతుంది.

రాస్ప్‌బెర్రీ పై వీటన్నిటికీ భిన్నం. 2012 ఫిబ్రవరి 29న బజారుకొచ్చిన ఈ బోర్డు పూర్తిస్థాయి లినక్స్ కంప్యూటరు. కెమెరా తగిలించి చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో చూడొచ్చు, పది చెరువుల అంకెలు ఒకచోట దాచొచ్చు. కానీ దానికి అనలాగ్ పిన్ను ఒక్కటీ లేదు. రాస్తుండగా కరెంటు పోతే మెమరీ కార్డులోని ఫైళ్లు పాడవుతాయి. గట్టు మీద దాన్ని ఒంటరిగా వదలకూడదు. బ్యాటరీ ఉన్న షెడ్డులో కూర్చోబెట్టి, చెరువుల దగ్గర చిన్న బోర్డులు పెట్టడం మేలు. అదే సంస్థ 2021లో తెచ్చిన పీకో మాత్రం ఊనో తరహాది, విదేశంలో నాలుగు డాలర్ల సరుకు.

గట్టు మీది అంకె షెడ్డుకు చేరాలంటే రేడియో కావాలి. డెల్టా చదునుగా ఉంటుంది, మధ్యలో కొండ అడ్డురాదు. అందుకే లోరా రేడియో ఇక్కడ బాగా అచ్చొస్తుంది. మన దేశంలో 865–867 మెగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తితో పంపడానికి లైసెన్సు అక్కర్లేదు. చిన్న బ్యాటరీతో కొన్ని కిలోమీటర్లు మాట పోతుంది. కాలవ మట్టం, డ్రెయిన్ మట్టం చదివే పరికరాలకు ఇది సరైన జోడీ. మట్టం చదవడానికి అల్ట్రాసోనిక్ సెన్సరు వాడితే ఎండను మరవకూడదు. శబ్దవేగం 25 డిగ్రీల దగ్గర సెకనుకు 346 మీటర్లుంటే, 42 డిగ్రీల దగ్గర 356 దాటుతుంది. 25 డిగ్రీల వేగంతోనే లెక్కేస్తే, మూడు మీటర్ల కింద ఉన్న నీటిని చూసే సెన్సరు మే నెల మధ్యాహ్నం సుమారు తొమ్మిది సెంటీమీటర్లు తప్పు చెబుతుంది. శివారు కాలవలో ఆ తొమ్మిది సెంటీమీటర్లకే తగవులవుతాయి.

1977 నవంబర్ 19 ఉప్పెనను చూసిన పెద్దలు ఇంకా ఉన్న సీమ ఇది. అందుకే ఒక మాట గట్టిగా చెప్పాలి. తుఫాను కబురుకు బందరులోని వాతావరణ శాఖ రాడారు ఉంది, దాని మాటే వినాలి. మనం కట్టుకున్న మట్టం మీటరు దానికి బదులు కాదు. తుఫానులో ముందుగా పోయేది కరెంటు, ఆ వెంటనే సెల్ టవరు. మన పరికరం ఆ రెండూ లేకుండా పనిచేయగలిగితే తర్వాతి రోజుల్లో ఏ డ్రెయిన్ తీస్తోందో, ఏ పొలంలో ఉప్పునీరు నిలిచిందో తెలుసుకోవడానికి అక్కరకొస్తుంది.

ఉప్పుగాలి గురించి కిట్ల పెట్టెల్లో వచ్చే పుస్తకాలు ఒక్క ముక్క రాయవు. బ్రెడ్‌బోర్డు లోపలి క్లిప్పులు, గుచ్చే జంపర్ తీగల కొసలు తీరంలో కొన్ని నెలలకే మసకబారతాయి. పైకి అన్నీ తగిలే ఉంటాయి, అంకె మాత్రం గెంతుతుంది. బల్ల మీద నమూనా అయిపోగానే ప్రతి అతుకునూ టంకంతో బిగించాలి. బోర్డుకు రక్షణ పూత కొట్టాలి, సెన్సర్ల మొనలకు మాత్రం అంటకూడదు. పెట్టెకు తీగలు అడుగు నుంచే దూరాలి, గ్లాండు బిగించాలి, లోపల సిలికా జెల్ పొట్లం వేయాలి. నా అంచనాలో చెరువు గట్టు మీద చెడిపోయే పరికరాల్లో ఎక్కువభాగం చిప్పు పోయి కాదు, ఇలాంటి అతుకు వదిలి చెడిపోతాయి.

నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం బడుల్లో టింకరింగ్ ల్యాబులు పెట్టిస్తోంది. ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా వస్తుంది. ప్రభుత్వ బడుల్లో ఐదేళ్లలో మరో 50 వేల ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్లో ప్రకటించారు. అలాంటి ల్యాబు దివిసీమ బడికి వస్తే మెరిసే రోబో పెట్టె ఒక్కటి తగ్గించి, ఆ డబ్బుతో ఊనోలు, విడి చిప్పులు, మల్టీమీటర్లు, టంకం పెట్టే ఐరన్లు, నీళ్లలో ముంచే సెన్సర్లు ఎక్కువ కొనమంటాను. తిరువనంతపురం సీడాక్ రూపొందించిన తేజస్32 చిప్పుతో ఏరీస్ బోర్డులు వస్తున్నాయి. వాటికీ ఆర్డ్యునో పద్ధతిలోనే ప్రోగ్రాం రాయొచ్చు కనుక మన దేశపు చిప్పు చేతిలో పట్టుకుని నేర్చుకునే వీలుంది. గుడివాడకు దగ్గర్లోనే గుడ్లవల్లేరులో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. ఫైనలియర్ ప్రాజెక్టులు నగరాల్లో కొనుక్కోకుండా ఈ చెరువుల మీదికి వస్తే కాలేజీకీ రైతుకూ మేలు.

కొనేముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆక్సిజన్ ప్రోబు పొర మీద పాచి పట్టగానే అది తక్కువ చూపించడం మొదలెడుతుంది. వారం పది రోజులకోసారి దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, గాలి బాగా కొట్టించిన నీటిలో ముంచి సరిచూడాలి. 30 డిగ్రీల మంచినీటిలో 7.5 మిల్లీగ్రాములు, వెయ్యి భాగాలకు 20 భాగాల ఉప్పున్న నీటిలో దాదాపు 6.8 చూపించాలి. చూపకపోతే ప్రోగ్రాములో ప్రోబును సరిచేసే ఒక్క అంకె మార్చాలి. ఈ పని ఎవరు చేస్తారు, వాళ్లు ఊళ్లో లేనప్పుడు ఎవరు చేస్తారు అన్న రెండు పేర్లు బోర్డు ఆర్డరు పెట్టకముందే పెట్టె మూత లోపల రాసిపెట్టుకోవాలి.